తెల్లమచ్చ అంచున ఏం జరుగుతోంది?

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. ఈ రోజు తెర మీద మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ పెట్టాను. నోరు తిరగని పేర్లు కొన్ని వస్తాయి. వాటిని గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఏ కణం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో పట్టుకుంటే చాలు, మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

ముందు ఒక విచిత్రం చెప్తాను. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరి, ఒంట్లో ఇతర భాగాలకు పాకిన మనిషికి ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక కణాల చేతే క్యాన్సర్‌ను తగ్గించే చికిత్స, ఇస్తారు. కొన్ని నెలల తర్వాత అతని చేతుల మీదో, ముఖం మీదో తెల్లమచ్చలు కనిపిస్తాయి. అవి చూసి క్యాన్సర్ డాక్టర్ లోలోపల సంతోషిస్తాడు. పక్క గదిలో, క్యాన్సర్ ఊసే లేని ఒక అమ్మాయి అచ్చం అలాంటి మచ్చలతోనే, అంటే బొల్లితో, చర్మవ్యాధుల డాక్టర్ ముందు కూర్చుని ఉంటుంది. ఆమెకు ఆ మచ్చలు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వవు. చర్మం ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితే రెండింట్లోనూ జరుగుతున్నది చాలావరకు ఒకటే: సీడీ8 అనే రకం టీ కణాలు (ఇవి రోగనిరోధక వ్యవస్థలోని కణాలు) చర్మంలోకి వచ్చి, రంగు తయారుచేసే మెలనోసైట్లను చంపుతున్నాయి.

అందుకే ‘ఇమ్యూనిటీ ఎక్కువ’, ‘ఇమ్యూనిటీ తక్కువ’ అనే మాటలతో ఈ విషయం అర్థం కాదని నా అభిప్రాయం. ఆ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ? ఎవరికి తక్కువ? అలా అడిగితే జవాబే దొరకదు. ఏ కణం ఎక్కడికి చేరింది, ఎవరు పిలిస్తే చేరింది, చేరాక వెళ్లిపోయిందా, అక్కడే ఉండిపోయిందా అని అడగాలి. ఈ గంటసేపూ నేను మాట్లాడేది దాని గురించే.

మరో మాట. రోగనిరోధక వ్యవస్థ అనగానే సైన్యం, శత్రువు, యుద్ధం అంటూ మొదలుపెడతారు. నేను ఆ భాష వాడను. ఎందుకంటే బొల్లిలో శత్రువు ఎవరూ లేరు. ఉన్నవి రెండూ మన కణాలే.

ఈ బొమ్మ చూడండి. చర్మాన్ని అడ్డంగా కోస్తే ఇలా ఉంటుంది. పైన ఉన్నది ఎపిడెర్మిస్, పై పొర. అరచేతులు, అరికాళ్లు వదిలేస్తే చాలాచోట్ల దీని మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అందులో ఎక్కువ భాగం కెరటినోసైట్లు. వాటి అడుగు వరుసలో అక్కడక్కడా, కొమ్మలు చాచినట్టు కనిపిస్తున్నవి మెలనోసైట్లు. ఒక్కో మెలనోసైట్ చుట్టుపక్కల ఉన్న 30, 40 కెరటినోసైట్లకు రంగు అందిస్తుంది. కాబట్టి ఒక్కటి పోతే దాని మీద ఆధారపడ్డ ఆ కాస్త మేరా వెలిసిపోతుంది.

ఈ పొరలో రక్తనాళాలు లేవు. ఒక్కటి కూడా లేదు. రక్తనాళాలన్నీ కింద డెర్మిస్‌లోనే ఆగిపోతాయి. రెండు పొరల మధ్య బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలచటి పొర ఒకటి ఉంటుంది. అంటే రక్తంలో తిరుగుతున్న టీ కణం మెలనోసైట్‌ను ముట్టుకోవాలంటే ముందు రక్తనాళం గోడ దాటాలి, డెర్మిస్‌లో కొల్లాజెన్ పోగుల మధ్య దారి చేసుకోవాలి, మెంబ్రేన్ దాటాలి, ఆ తర్వాత కెరటినోసైట్ల గుంపులో ఎక్కడో ఉన్న ఒక మెలనోసైట్‌ను వెతుక్కోవాలి. యాదృచ్ఛికంగా జరిగే పని కాదిది. ప్రతి మెట్టు దగ్గరా ఒక పిలుపు ఉండాలి, ఆ పిలుపు అందుకునే రిసెప్టర్ ఆ కణం మీద ఉండాలి.

అసలు ఆ కణానికి చర్మం వైపు పోవాలని ఎలా తెలుస్తుంది? ఇది శోషరస గ్రంథిలో మొదలవుతుంది. లింఫ్ నోడ్ అంటాం కదా, అక్కడ. చర్మంలో డెండ్రైటిక్ కణాలు ఉంటాయి. చుట్టుపక్కల ఏదైనా తేడా కనిపిస్తే అక్కడి ప్రొటీన్ ముక్కలు తీసుకుని దగ్గరలోని గ్రంథికి వెళ్తాయి. ఆ ముక్కను గుర్తించగల టీ కణం తారసపడితే అది వేల సంఖ్యలో విభజన చెందుతుంది. ఆ సమయంలోనే, ‘ఈ ముక్క చర్మం నుంచి వచ్చింది’ అనే సమాచారం కూడా దానికి అందుతుంది. పేగు నుంచి వచ్చిన డెండ్రైటిక్ కణాలు విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లం చేసి, టీ కణాలకు పేగు దారి చూపిస్తాయని 2004లో తేలింది. చర్మం విషయంలో మనిషి కణాలపై చేసిన పని 2007లో వచ్చింది: ఎండ వల్ల చర్మంలో తయారయ్యే విటమిన్ డి3ని డెండ్రైటిక్ కణాలు చురుకైన రూపంలోకి మారుస్తాయి, దాని ప్రభావంతో టీ కణం మీద సీసీఆర్10 అనే రిసెప్టర్ వస్తుంది. ఆ రిసెప్టర్ అందుకునే పిలుపు సీసీఎల్27. దాన్ని తయారుచేసేది ఎవరు? కెరటినోసైట్లే. ఎండ తగిలే అవయవం ఏదో ఎండే చెప్తున్నట్టు ఉంది కదా. నాకు ఈ పరిశోధన చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

చర్మం దారి పట్టిన టీ కణం మీద సీఎల్ఏ అనే చక్కెర గుర్తు కూడా ఉంటుంది. చర్మంలోని సన్నని సిరల లోపలి గోడ మీద ఈ-సెలెక్టిన్ ఉంటుంది. వాపు ఉన్నప్పుడు అది బాగా పెరుగుతుంది. సీఎల్ఏ, ఈ-సెలెక్టిన్ ఒకదానికొకటి అంటుకుంటాయి, కానీ గట్టిగా కాదు. దాంతో రక్తప్రవాహంలో వేగంగా పోతున్న కణం గోడ పట్టుకుని మెల్లగా దొర్లడం మొదలుపెడుతుంది. అలా దొర్లుతుండగా కీమోకైన్లు తగులుతాయి. కీమోకైన్లంటే కణాలను తమవైపు లాగే చిన్న ప్రొటీన్లు. అవి తగలగానే కణం మీది ఇంటెగ్రిన్లు అనే పట్టుకునే ప్రొటీన్లు బిగుసుకుంటాయి, కణం ఆగిపోతుంది. ఆగి, గోడలోని కణాల సందులోంచి ఒళ్లు సాగదీసుకుని బయటకు జారుతుంది. బయటపడ్డాక ఏ వైపు కీమోకైన్ చిక్కగా ఉంటే ఆ వైపు పాకుతుంది. చక్కెర ఎక్కడ ఒలికిందో చీమలకు ఎవరూ చెప్పక్కర్లేదు చూడండి, అలాగన్నమాట.

ఇదంతా ఆరోగ్యంగా ఉన్న చర్మంలో కూడా రోజూ జరిగేదే. ఒక పెద్దమనిషి చర్మం మొత్తంలో సుమారు 2,000 కోట్ల టీ కణాలు ఉంటాయని 2006లో లెక్క కట్టారు. రక్తంలో ఒక సమయంలో తిరిగేవాటికి ఇది దాదాపు రెట్టింపు. కాబట్టి చర్మంలో టీ కణాలు కనిపించడమే జబ్బు అనుకోకండి.

ఇప్పుడు బొల్లికి వద్దాం. ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి, అటూ ఇటూగా, ఇది ఉంటుంది. అంటువ్యాధి కాదు. కుష్టు కాదు, మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. ఈ రెండు మాటలూ మళ్లీ మళ్లీ చెప్పాల్సి రావడం నాకు విసుగే, అయినా చెప్తాను.

ఈ ఫొటో నిశితంగా చూడండి. ఇది మచ్చ మధ్యలోంచి తీసిన బయాప్సీ కాదు. మధ్యలో తీస్తే చాలాసార్లు ఏమీ ఉండదు, పని ముగిసిపోయి ఉంటుంది. ఇది పెరుగుతున్న మచ్చ అంచు నుంచి, తెల్లదనం ఇంకా చేరని చోటు నుంచి తీసింది. ఎడమ పక్క అడుగు వరుసలో గోధుమరంగు చుక్కలు ఉన్నాయి, మెలనోసైట్లు బతికే ఉన్నాయి. కుడి పక్క ఖాళీ. మధ్యలో, సరిగ్గా ఆ హద్దు దగ్గర, నీలంగా గుండ్రంగా కనిపిస్తున్నవి టీ కణాలు. కొన్ని ఇంకా డెర్మిస్‌లో ఉన్నాయి. ఇదిగో ఈ రెండు మెంబ్రేన్ దాటి పైకి వచ్చాయి. ఇది మాత్రం మెలనోసైట్‌కు ఆనుకునే ఉంది.

వాటిని అక్కడ చూసినంత మాత్రాన దోషులని తేల్చలేం కదా. శుభ్రం చేయడానికి వచ్చి ఉండొచ్చు. ఈ అనుమానం చాలాకాలం ఉండేది. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక పని చేశారు. బొల్లి మచ్చ అంచు నుంచి టీ కణాలు తీసి, అదే మనిషి మామూలు చర్మం ముక్కతో కలిపి పెట్టారు. ఆ కణాలు చర్మంలోకి చొచ్చుకుపోయి మెలనోసైట్లను చంపాయి. పక్కనున్న ఇతర కణాల జోలికి పెద్దగా పోలేదు. అక్కడితో ఆ అనుమానం తీరింది.

అవి గుర్తుపట్టేది దేన్ని? మార్ట్-1, జీపీ100, టైరోసినేజ్ వంటి ప్రొటీన్లను. ఇవి రంగు తయారీలో పాల్గొనేవి. ఈ మూడు పేర్లు మాత్రం కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తాయి.

కథ ఎక్కడ మొదలవుతుందన్నది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉండొచ్చు. మెలనోసైట్లకు సహజంగానే ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువ, ఎందుకంటే మెలనిన్ తయారీలోనే హానికర ఆక్సిజన్ రూపాలు పుడతాయి. బొల్లి వచ్చేవాళ్ల మెలనోసైట్లు దాన్ని తట్టుకోవడంలో బలహీనం. కొన్ని రసాయనాలు ఈ ఒత్తిడిని ఇంకా పెంచుతాయి. 1939లో తోలు శుద్ధి చేసే కార్మికుల చేతులు తెల్లబడుతున్నాయని బయటపడింది. వాళ్లు తొడుక్కున్న రబ్బరు గ్లవ్స్‌లో మోనోబెంజోన్ అనే రసాయనం ఉంది. గ్లవ్ తగిలిన చోటే కాదు, తగలని చోట్ల కూడా కొందరికి మచ్చలు వచ్చాయి. రసాయనం ఒకచోట తగిలితే ఇంకోచోట తెల్లబడటం ఎలా? టీ కణాలు ఒకసారి తయారయ్యాక ఒళ్లంతా తిరుగుతాయి కాబట్టి. 2013లో జపాన్‌లో ఇలాగే ఒక తెల్లబరిచే కాస్మెటిక్ పదార్థం, రోడోడెనాల్, వేలాది మందికి మచ్చలు తెచ్చి మార్కెట్ నుంచి వెనక్కి వెళ్లింది. చర్మాన్ని తెల్లబరుస్తామనే ఉత్పత్తులంటే నాకున్న చిరాకుకు ఇదొక కారణం.

సరే, మొదలైంది. పెరగడం ఎలా? ఇక్కడే అసలు మెలిక ఉంది. మొదట వచ్చిన కొద్ది టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ విడుదల చేస్తాయి. దాన్ని అందుకునేది ముఖ్యంగా కెరటినోసైట్లు. వాటి లోపల జాక్ అనే ఎంజైములు, ఆ తర్వాత స్టాట్1 అనే ప్రొటీన్ మేల్కొంటాయి. ఫలితంగా కెరటినోసైట్లు సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10 అనే రెండు కీమోకైన్లు వదులుతాయి. వాటిని అందుకునే రిసెప్టర్ సీఎక్స్‌సీఆర్3. అది ఎవరి మీద ఉంటుంది? సరిగ్గా ఈ సీడీ8 టీ కణాల మీదే. కాబట్టి మరిన్ని వస్తాయి. వచ్చినవి మరింత ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి. కెరటినోసైట్లు మరింత గట్టిగా పిలుస్తాయి. ఇది తనంతట తాను తిరిగే చక్రం. గమనించారా, పిలుస్తున్నది మెలనోసైట్ కాదు. దాని పక్కనే ఉండి, దాని దగ్గర రంగు తీసుకుంటున్న కెరటినోసైట్.

అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ హారిస్ బృందం ఎలుకల్లో దీన్ని విడదీసి చూసింది. 2014లో వచ్చిన ఫలితం ఇది. సీఎక్స్‌సీఎల్9 టీ కణాలను పెద్ద ఎత్తున చర్మానికి రప్పిస్తుంది. కానీ అవి సరైన చోటికి చేరి పని పూర్తి చేయాలంటే సీఎక్స్‌సీఎల్10 ఉండాలి. సీఎక్స్‌సీఎల్10ని యాంటీబాడీతో అడ్డుకుంటే కొత్తగా మచ్చలు రావడం ఆగడమే కాదు, అప్పటికే తెల్లబడ్డ ఎలుకలకు రంగు తిరిగి రావడం మొదలైంది. ఒక్క కణాన్నీ చంపలేదు, ఇమ్యూనిటీని మొత్తంగా తగ్గించలేదు. పిలుపు ఆపారు, అంతే.

ఈ అవగాహన నుంచే జాక్ ఎంజైములను ఆపే మందుల ఆలోచన బలపడింది. 2022 జూలైలో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 1.5 శాతం రుక్సోలిటినిబ్ క్రీమ్‌ను 12 ఏళ్లు దాటినవారిలో, నాన్ సెగ్మెంటల్ బొల్లికి అనుమతించింది. ఒంటికి ఒకే పక్క, ఒక పట్టీలా వచ్చే సెగ్మెంటల్ రకం దీని కిందికి రాదు. పరీక్షల్లో 24 వారాలకు, దాదాపు 30 శాతం మందికి ముఖం మీది మచ్చల్లో 75 శాతం మెరుగుదల వచ్చింది. మందు లేని క్రీమ్ రాసుకున్నవాళ్లలో అది పదో వంతు మందికి అటూ ఇటూగా ఉంది. బాగుంది. అద్భుతం కాదు. ముఖం బాగా స్పందిస్తుంది, చేతివేళ్ల చివరలు మొండికేస్తాయి. ఎందుకంటే మెలనోసైట్ల మూలకణాలు వెంట్రుక కుదుళ్లలో దాగి ఉంటాయి, రంగు అక్కడి నుంచే తిరిగి మొలకెత్తుతుంది. వెంట్రుకలే లేని చోట ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే మచ్చలో వెంట్రుకలు నల్లగా ఉన్నాయా, తెల్లబడ్డాయా అని డాక్టర్ టార్చ్ వేసి మరీ చూస్తారు.

ఇప్పుడు రోగులు ఎక్కువగా బాధపడే విషయం. మందుతోనో, అల్ట్రావయొలెట్ కాంతి చికిత్సతోనో మచ్చ మాయమవుతుంది. ఆపేస్తారు. ఏడాది తిరక్కుండా సుమారు 40 శాతం మందికి మచ్చ తిరిగొస్తుంది. ఎక్కడ? అదే చోట, చాలాసార్లు అదే ఆకారంలో. ‘నేను ఏం తప్పు చేశాను డాక్టర్’ అని అడుగుతారు. ఏమీ చేయలేదు. కొన్ని టీ కణాలు వచ్చిన పని అయ్యాక వెళ్లలేదు, అంతే. వీటిని టిష్యూ రెసిడెంట్ మెమరీ కణాలంటారు. వాటి మీద సీడీ69, సీడీ103 అనే గుర్తులు ఉంటాయి. వెనక్కి పోయే దారి పట్టకుండా సీడీ69 ఆపుతుంది, పై పొర కణాలను సీడీ103 పట్టుకుని ఉంటుంది. ఇవి రక్తంలోకి తిరిగి రావు, రక్తపరీక్షలో దొరకవు. అక్కడే, పై పొరలోనే, కొమ్మలు చాచి మెల్లగా కదులుతూ కాపు కాస్తుంటాయి. కొత్త మెలనోసైట్ ఒకటి కుదురు నుంచి పైకి రాగానే పాత చక్రం మళ్లీ తిప్పుతాయి.

ఇవి బతకాలంటే ఐఎల్-15 అనే సంకేతం కావాలి. 2018లో ఎలుకల్లో ఆ సంకేతం అందకుండా సీడీ122 అనే రిసెప్టర్‌ను యాంటీబాడీతో అడ్డుకున్నారు. ఉండిపోయిన కణాలు తగ్గాయి, రంగు తిరిగొచ్చింది, మందు ఆపాక కూడా చాలాకాలం నిలిచింది. మనుషుల్లో ఇదే బాటలో పరీక్షలు నడుస్తున్నాయి. జాక్ మందులు పిలుపును ఆపుతాయి. ఇవి ఉండిపోయినవాటిని ఖాళీ చేయిస్తాయి. ఈ తేడా రోగికి అర్థమయ్యేలా చెప్తే, ‘క్రీమ్ ఆపగానే మళ్లీ వచ్చింది, కాబట్టి పనిచేయలేదు’ అని విసిగి మానేసేవాళ్లు తగ్గుతారు.

మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది, చీటీ మీద రాసి పంపారు: ‘కొన్ని చోట్లే ఎందుకు వస్తుంది?’ మంచి ప్రశ్న. గీసుకున్న చోట, రాపిడి ఉన్న చోట వస్తుందని చర్మ డాక్టర్లకు చాలాకాలంగా తెలుసు, కోబ్నర్ ఫినామినన్ అంటాం. గాయమైన కెరటినోసైట్లు కొత్తగా పిలుపులు పంపుతాయి. 2022లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఇంకొక ముక్క దొరికింది. డెర్మిస్‌లో ఉండే ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు శరీరంలో అన్నిచోట్లా ఒకేలా ఉండవు. కొన్ని చోట్లవి ఇంటర్‌ఫెరాన్ గామా తగిలితే ఎక్కువగా స్పందించి సీఎక్స్‌సీఎల్9, 10 వదులుతాయి, ఆ చోట్లకే టీ కణాలు గుంపుకడతాయి. ఎలుకల్లో ఆ ఫైబ్రోబ్లాస్టులకు ఇంటర్‌ఫెరాన్ వినబడకుండా చేస్తే మచ్చలు రాలేదు. అంటే కణాలు ఒళ్లంతా తిరుగుతున్నా, ఏ నేల పిలుస్తుందన్నదే చోటు నిర్ణయిస్తోంది.

రాని కణాల సంగతి కూడా చూడాలి. టీ కణాల్లో తోటివాటిని అదుపులో పెట్టేవి ఉన్నాయి, రెగ్యులేటరీ టీ కణాలు. వాటిని పిలిచే ముఖ్యమైన కీమోకైన్ సీసీఎల్22. బొల్లి చర్మంలో అది తక్కువ. రక్తంలో రెగ్యులేటరీ కణాలు ఉన్నా, చర్మానికి తగినన్ని చేరవు. ఇప్పుడు దీన్ని గుర్తుపెట్టుకుని క్యాన్సర్ వైపు తిరగండి. 2004లో అండాశయ క్యాన్సర్ మీద వచ్చిన పరిశోధనలో కణితి అదే సీసీఎల్22ని బాగా తయారుచేసి, రెగ్యులేటరీ కణాలను తన చుట్టూ చేర్చుకుంటోందని తేలింది. ఒకే పిలుపు. ఒకచోట లేక జబ్బు, ఇంకోచోట ఎక్కువై జబ్బు.

మెలనోమా అంటే మెలనోసైట్ అదుపు తప్పి పెరగడం. దాని మీద మార్ట్-1, జీపీ100, టైరోసినేజ్ ఉంటాయి. ఇందాక గుర్తుంచుకోమన్నవే. కాబట్టి వాటిని గుర్తుపట్టే టీ కణాలు రోగి ఒంట్లో తరచుగా ఉంటాయి. మరి ఎందుకు చంపవు? చాలా కణితుల్లో అవి లోపలికే పోవు. మెలనోమాల్లో కొన్నింటిలో కణాలు కణితి నిండా ఉంటాయి, కొన్నింటిలో అంచుల వెంట చేరి ఆగిపోతాయి, కొన్నింటిలో అసలు కనిపించవు. ఈ మూడో రకం వైద్యానికి కొరకరాని కొయ్య. కణితి రక్తనాళాల గోడ మీద కణాలను పట్టి ఆపే ప్రొటీన్లు తగ్గిపోతాయి, దొర్లాల్సిన కణం ముందుకు కొట్టుకుపోతుంది. కొన్ని మెలనోమాల్లో బీటా కెటెనిన్ అనే సంకేతం ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. 2015లో చూపించిన దాని ప్రకారం, దానివల్ల డెండ్రైటిక్ కణాలను పిలిచే సీసీఎల్4 తగ్గుతుంది. డెండ్రైటిక్ కణాలు రాకపోతే సీఎక్స్‌సీఎల్9, 10 ఉండవు. అవి లేకపోతే టీ కణాలు రావు. బొల్లిలో తిరిగే చక్రం ఇక్కడ మొదటి పంటి దగ్గరే ఆగిపోయిందన్నమాట.

లోపలికి వెళ్లినవి కూడా పీడీ-1 అనే బ్రేక్ పడి నీరసించిపోతాయి. ఇలాంటి బ్రేకులు తీసే మందులు మీకు తెలిసే ఉంటాయి, 2018 నోబెల్ జేమ్స్ ఆలిసన్‌కు, తసుకు హోంజోకు వచ్చింది వీటి వెనకున్న పనికే. 2011లో సీటీఎల్ఏ-4 అనే ఇంకో బ్రేక్ తీసే ఇపిలిముమాబ్, 2014లో పీడీ-1 మందులు వచ్చాయి. అంతకుముందు పాకిపోయిన మెలనోమా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఏడాది దాటేవారు కాదు. రెండు రకాల మందులూ కలిపి తీసుకున్నవాళ్లలో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికున్నారని 2024లో వచ్చిన ఫలితం చెప్పింది. ఆ రోజుల్లో చదువుకున్నవాడిగా నాకు ఈ సంఖ్య ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఇప్పుడు ఆ తెల్లమచ్చలు ఎందుకొచ్చాయో మీరే చెప్పగలరు. బ్రేక్ తీశాక టీ కణాలు మార్ట్-1 కోసం వెతుకుతాయి. అది కణితి మీద ఉందా, ఆరోగ్యంగా ఉన్న మెలనోసైట్ మీద ఉందా అని వాటికి తేడా లేదు. పెంబ్రోలిజుమాబ్ అనే పీడీ-1 మందు తీసుకున్న 67 మంది మెలనోమా రోగుల మీద 2016లో వచ్చిన పరిశోధనలో 17 మందికి, అంటే నలుగురిలో ఒకరికి, బొల్లి వచ్చింది. వాళ్లలో 71 శాతం మందికి కణితులు బాగా తగ్గాయి. మచ్చలు రానివాళ్లలో 28 శాతం మందికే తగ్గాయి. అయితే ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినాలి. మచ్చ రావడానికి నెలలు పడుతుంది. ఎక్కువకాలం బతికినవాళ్లకే మచ్చ వచ్చే వ్యవధి ఉంటుంది. కాబట్టి ఆ తేడాలో కొంత లెక్క వల్ల వచ్చిందే కావచ్చు. పెద్ద విశ్లేషణల్లో కూడా సంబంధం నిలిచింది కాబట్టి అది నిజమేనని నేను నమ్ముతాను. అలాగని మచ్చలు రాలేదంటే మందు పనిచేయడం లేదని అర్థం కాదు. మచ్చ రాలేదని టెన్షన్ పడే రోగులు ఉంటారు, వాళ్ల కోసం ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

చేరే చోటు ఎంత ముఖ్యమో చూపే ఇంకో ఉదాహరణ. రోగి రక్తంలోని టీ కణాలకు మార్ట్-1ని, జీపీ100ని బలంగా గుర్తించే రిసెప్టర్లు అమర్చి, కోట్ల సంఖ్యలో పెంచి ఎక్కించే ప్రయోగం అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేశారు. ఫలితాలు 2009లో వచ్చాయి. కొందరిలో కణితులు తగ్గాయి. చర్మం తెల్లబడింది. దాంతోపాటు కొందరికి కంట్లో వాపు, చెవి వినికిడిలో లోపం వచ్చాయి. మెలనోసైట్లు కంట్లోనూ, లోపలి చెవిలోనూ ఉంటాయి మరి. మామూలు బొల్లిలో చూపుకు, వినికిడికి సాధారణంగా ఏమీ కాదు. అక్కడ చర్మం దారి పట్టిన కణాలు చర్మానికే పరిమితం. ఇక్కడ ఎక్కించినవి ఎక్కడ సందు దొరికితే అక్కడికి వెళ్లాయి.

కణితిలోకి ఎలాగో చేరగలిగిన కణాలనే బయటకు తీసి, పెంచి, తిరిగి ఎక్కించడం ఇంకో దారి. అదే ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ స్టీవెన్ రోజెన్‌బర్గ్ 1988లో మెలనోమాలో ఇది పనిచేస్తుందని చూపించారు. ఆ తరహా మందు, లైఫిలూసెల్, ఎఫ్‌డీఏ అనుమతి పొందింది 2024 ఫిబ్రవరిలో. మధ్యలో 36 ఏళ్లు!

ప్రకృతిలో ఇదే చిన్న ఎత్తున కనిపించే సందర్భం ఒకటుంది. పిల్లల్లో, టీనేజ్‌లో ఉన్నవాళ్లలో ఒక్కోసారి పుట్టుమచ్చ చుట్టూ తెల్లటి వలయం వస్తుంది. హేలో నీవస్ అంటారు, 1916లో సటన్ అనే డాక్టర్ వర్ణించారు. టీ కణాలు పుట్టుమచ్చ చుట్టూ చేరతాయి, కొన్ని నెలలకో, సంవత్సరాలకో పుట్టుమచ్చే మాయమవుతుంది. పిల్లల్లో భయపడాల్సింది దాదాపు ఏమీ ఉండదు. వయసు మీరినవాళ్లలో కొత్తగా వస్తే మాత్రం ఒళ్లంతా ఒకసారి చూపించుకోవాలి, ఎక్కడైనా మెలనోమా ఉందేమోనని.

ఇక చర్మానికి వచ్చిన టీ కణమే క్యాన్సర్ అయితే? క్యుటేనియస్ టీ సెల్ లింఫోమా, అందులో ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. ఆ కణాలు క్యాన్సర్‌గా మారినా సీఎల్ఏ, సీసీఆర్4 వదులుకోవు, అందుకే చర్మాన్నే పట్టుకుని ఉంటాయి. ఆ సీసీఆర్4నే గురిపెట్టిన మొగాములిజుమాబ్ అనే మందు 2018లో అమెరికాలో అనుమతి పొందింది. ఈ జబ్బులో ఒక రకం తెల్లమచ్చల రూపంలో వస్తుంది. రంగు ఎక్కువున్న చర్మంలో, చిన్న వయసువాళ్లలో ఎక్కువగా చూస్తాం. మచ్చ పూర్తిగా పాలలా తెల్లబడదు, రంగు తగ్గినట్టు ఉంటుంది, కాస్త పొలుసు, ఒక్కోసారి దురద. బొల్లి అనుకుని ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లు ఉన్నారు. చికిత్సకు లొంగని, అంచు స్పష్టంగా లేని మచ్చకు బయాప్సీ అడగడానికి మొహమాటపడకండి. తొందరగా తెలిస్తే సాధారణంగా కాంతి చికిత్సతోనే అదుపులోకి వస్తుంది.

ఇక ప్రశ్నలు. మైకు అటు ఇవ్వండి.

‘బొల్లి ఉన్నవాళ్లకు మెలనోమా రాదా?’ రాదని కాదు, తక్కువ. నెదర్లాండ్స్‌లో 2013లో వచ్చిన పరిశోధనలో మెలనోమా వచ్చే అవకాశం దాదాపు మూడో వంతుకు తగ్గి కనిపించింది. జన్యువుల్లోనూ ఈ ఎదురుబొదురు సంబంధం ఉంది: టైరోసినేజ్ జన్యువులో బొల్లి అవకాశాన్ని పెంచే రూపం మెలనోమా అవకాశాన్ని తగ్గిస్తుంది. అయినా తెల్లమచ్చ ఎండకు కమిలిపోతుంది, కాబట్టి సన్‌స్క్రీన్ మానకండి.

‘జాక్ క్రీమ్ వాడితే క్యాన్సర్ వస్తుందా?’ ఆ హెచ్చరిక పెట్టె మీదే ఉంటుంది. అది ప్రధానంగా ఈ తరగతి మందులను మాత్రల రూపంలో వాడినప్పటి అనుభవం నుంచి వచ్చింది. క్రీమ్ తక్కువ విస్తీర్ణంలో రాస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అందుకే ఒంట్లో ఎంత భాగం వరకు రాయొచ్చో హద్దు పెట్టారు. ఆ హద్దు దాటకండి, ఇంతకుముందు చర్మ క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి.

చివరగా, ఆ మూల కూర్చున్న పెద్దాయన అడుగుతున్నారు: ‘మా తమ్ముడికి మెలనోమాకు ఇమ్యునోథెరపీ ఇస్తున్నారు, ఇప్పుడు ముఖం మీద మచ్చలొచ్చాయి, వాటికి మందు వాడొచ్చా?’ అయ్యా, తొందరపడి వాడకండి. మచ్చల్ని ఆపడానికి ఇచ్చే మందులు కొన్ని, కణితి దగ్గర పనిచేస్తున్న అవే టీ కణాలను ఆపొచ్చు. ముఖ్యంగా మాత్రలు, స్టెరాయిడ్లు క్యాన్సర్ డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టకూడదు. మచ్చల కోసం ఇమ్యునోథెరపీని ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. ఎండ నుంచి కాపాడుకోమనండి, నలుగురిలో ఇబ్బందిగా ఉంటే చర్మం రంగుకు కలిసిపోయే కామఫ్లాజ్ క్రీములు ఉన్నాయి, అవి పూసుకుంటే టీ కణాలకు ఏమీ కాదు. ఈసారి ఆయన క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మచ్చలు ఎప్పుడు మొదలయ్యాయో తేదీతో సహా రాసుకుని వెళ్లమనండి, వీలైతే ఫొటోలు కూడా తీసుకెళ్లమనండి.